చల్లని సుడుల దగ్గర ట్యూనా ఎక్కడ ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా నాన్న, చిన్నాన్న కాకినాడ నుంచి ట్యూనా వేటకు వెళ్తారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే చేపల జాడ సూచనలు వాళ్లకు చదివి చెప్పేది నేనే. ఉపగ్రహాలు కొలిచిన పైనీటి వేడి, నీటిలోని పత్రహరితం ఆధారంగా వాటిని తయారుచేస్తారు.

నా సందేహం ఇది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు తేలిక కాబట్టి బంగాళాఖాతం పైన మూతలా పరుచుకుంటుంది. గాలి వీచినా కింద ఉన్న చల్లని, పోషకాల నీరు అంత సులభంగా పైకి రాదు. కేరళ తీరంలో నైరుతి రుతుపవనాలప్పుడు ఆ నీరు ఉబికి వచ్చి కవళ్లకు (సార్డిన్ చేపలకు) మేత పెరుగుతుంది. మన వైపు ఆ పని అపసవ్య దిశలో తిరిగే చల్లని సుడులు (సముద్రంలో గుండ్రంగా తిరిగే పెద్ద నీటి వలయాలు), తుపాన్లు కొంతవరకు చేస్తాయని చదివాను.

అలాంటప్పుడు పైనీటి వేడి మ్యాపు ఒక్కటే చూస్తే సరిపోతుందా? సముద్ర మట్టం మ్యాపులో పల్లంగా కనిపించే చోటు చల్లని సుడి అనుకోవచ్చా? ట్యూనా దాని మధ్యలో ఉంటుందా, అంచునా?

ఇంకొకటి, నన్ను ఎక్కువగా వేధించేది. మన సముద్రంలో కాస్త లోతుకెళ్తే ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. సుడి ఆ నీటిని కూడా పైకి లేపితే ట్యూనా మరింత పైకి వస్తుందా, లేక ఆ చోటే వదిలి వెళ్తుందా? గాలాలు ఎంత లోతుకు వదలాలన్నది దీన్నిబట్టే ఉంటుంది కదా.

సముద్రశాస్త్రం చదివినవాళ్లు, లాంగ్‌లైన్ (పొడవాటి తాడుకు చాలా గాలాలు కట్టి చేసే) వేట అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. సుడుల మ్యాపులు చదవడం ఎలా నేర్చుకోవాలో చెప్పినా చాలా మేలు చేసినవాళ్లవుతారు.