600 గజాల్లో ఎల్క్: మూడు గుండ్లు ఒకే చోట పడ్డాయి, లోడు కుదిరినట్టేనా?

గోదారోడు_డాలస్:
అన్నలూ, అక్టోబర్ చివర్లో ఎల్క్ (పెద్ద జింక) వేటకి కొలరాడో వెళ్తున్నా, రెండో రైఫిల్ సీజన్‌కి. తూటాలు ఇంట్లో నేనే నింపుకున్నా: రైఫిలు 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నం, గుండు 160 గ్రెయిన్ల (తూకం) నోస్లర్ అక్యూబాండ్, మందు హెచ్1000 పౌడర్. నిన్న 100 గజాల్లో మూడు గుండ్లు అరంగుళంలో పడ్డాయి. కాగితం తెచ్చి మా ఆవిడకి చూపిస్తే "ఈ బొక్కకా ఇంత ఖర్చు" అంది. ఇక ఇదే లోడుతో 600 దాకా వేసేయొచ్చా?

లెక్కల_మాస్టారు:
బాబూ, అవే తూటాలు మళ్లీ మూడేసి చొప్పున నాలుగుసార్లు కొట్టు. ఒకసారి అరంగుళం వస్తుంది, ఒకసారి అంగుళంన్నర వస్తుంది. నేను మొదటి రెండేళ్లూ పౌడర్ 0.2 గ్రెయిన్లు అటూ ఇటూ మారుస్తూ "కుదిరింది", "కుదర్లేదు" అని నోటుబుక్కు నింపాను. ఇప్పుడు తిరగేస్తే అంతా బొమ్మా బొరుసే. ఒకే కాగితం మీద పది కొట్టు. మ్యాగ్నం బ్యారెల్ తొందరగా కాగుతుంది, మధ్యలో చల్లారనివ్వు. ఆ పదీ అంగుళంన్నరలో ఉంటే ఎల్క్‌కి చాలు, దాన్నిక కెలక్కు.

కొండదారి:
తూటా కేసులో గుండుని ఎంత ముందుకి కూర్చోబెట్టావో చెప్పలేదు. నేను బ్యారెల్ లోపలి గాడుల్ని, అదే రైఫ్లింగ్‌ని తాకేదాకా తెచ్చాను, కాగితం మీద ముచ్చటగా ఉందని. మొంటానాలో ఓ సాయంత్రం చీకటి పడ్డాక రైఫిలు ఖాళీ చేద్దామని బోల్టు లాగాను. ఇత్తడి కేసు ఒక్కటే చేతికొచ్చింది. గుండు బ్యారెల్లోనే ఇరుక్కుంది. పౌడరంతా మ్యాగజైన్లోకీ ట్రిగ్గర్ సందుల్లోకీ ఒలికిపోయింది. తలమీద లైటు పెట్టుకుని, కొంకర్లు పోయిన వేళ్లతో పలుకులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నా. గుండు తోయడానికి క్లీనింగ్ రాడ్ కావాలి. అది ట్రక్కులో ఉంది, ట్రక్కు ఐదు మైళ్ల దూరంలో ఉంది. మర్నాడు పొద్దున మంద మా ఎదుటే గట్టు దాటింది, నేను బైనాక్యులర్లో చూశాను, అంతే.
అప్పట్నుంచి వేట తూటాల్లో గుండు వెనక్కే ఉంటుంది. బయల్దేరేముందు ప్రతి తూటానీ రేంజిలో ఒకసారి మ్యాగజైన్లోంచి ఎక్కించి దించి చూస్తా.

నల్గొండ_పోరడు:
గోదారన్నా, పౌడర్ ఎన్ని గ్రెయిన్లు పోసినవ్? నాది గూడ గదే రైఫిల్. నంబర్ జెప్తే నేను గూడ గంతే పోస్త.

లెక్కల_మాస్టారు:
గోదారోడూ, చెప్పకు. పోరడూ, నీ రైఫిలు వేరు, నీ కేసు వేరు, ప్రైమర్ (మందుకి నిప్పు అంటించే బిళ్ల) వేరు. గుండు తయారుచేసినవాడి మాన్యువల్ కొని, అందులోని కనిష్ఠం దగ్గర మొదలుపెట్టు. బోల్టు బిగుసుకున్నా, కేసు అడుగున ఎజెక్టర్ (కేసుని బయటికి తోసే పిన్ను) మచ్చ మెరిసినా ఒత్తిడి ఎక్కువైనట్టే, అక్కడే ఆగు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. ఈ మందు కొలిచేటప్పుడు ఆ మందు ముట్టకూడదు, నవ్వులాటకి చెప్పట్లేదు.
ఇంకోటి. మన మ్యాగ్నం కేసుకి కింద బెల్టు ఉంటుంది కదా, కాల్చిన కేసుని మళ్లీ కొలతకి తెచ్చే సైజింగ్ డై దాని భుజాన్ని (మెడ కింది వాలుని) మరీ వెనక్కి నొక్కేస్తే కాల్చినప్పుడల్లా ఆ బెల్టుకి కాస్త పైన ఇత్తడి సాగి పల్చబడుతుంది. పేపర్ క్లిప్ కొస కొంచెం వంచి, ఖాళీ కేసులో అడుగుదాకా పెట్టి గోడ వెంట పైకి లాగు. గాడిలాంటిది తగిలితే ఆ కేసు పని అయిపోయినట్టే.

బోయిసీ_అక్క:
తమ్ముడూ, 600 మాట తేల్చుకుందాం. నీ గుండు వేగంలో తూటాకీ తూటాకీ సెకనుకి 60 అడుగుల తేడా ఉందనుకో, అది చాలా ఎక్కువే, అయినా 600 దగ్గర పైకీ కిందికీ నాలుగైదు అంగుళాలు. అదే గంటకి 10 మైళ్ల అడ్డగాలి 20 అంగుళాల అటూ ఇటూగా నెడుతుంది. నువ్వు గాలిని సగానికి సగం తప్పు అంచనా వేస్తే 10 అంగుళాలు పోయింది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు కలిపి 15 అంగుళాల చోటు. పైగా గుండు అక్కడికి చేరడానికి ముప్పావు సెకను, ఈలోపు అది ఒక అడుగు వేస్తే కడుపులో తగులుతుంది. దీనికి రీలోడింగ్ బల్ల మీద మందు లేదు.
గుండు మాత్రం మంచిదే ఎంచుకున్నావు. సెకనుకి 1,800 అడుగుల దాకా వేగం తగ్గినా విచ్చుకుంటుందని నోస్లర్ వాళ్లే చెప్తారు. దగ్గర్లో తగిలినా చిట్లిపోదు. నేను 500కి తయారై వెళ్లిన ఏడాది నా ఎల్క్ 70 గజాల్లో, పొదల్లోంచి లేచింది. కాగితం మీద బాగుందని పల్చటి మ్యాచ్ (షూటింగ్ పోటీల) గుండు పెట్టుకుని ఉంటే భుజం ఎముక మీదే పగిలేది. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో ఒక మూస్ (ఇంకా పెద్ద జింక) మీద గుండ్లు లోపలికి దిగక విసిగిపోయాకే కదా పార్టిషన్ గుండు పుట్టింది.
డాలస్ ఎండలో కొలిచిన వేగాన్ని కొండ మీద నమ్మకు. హెచ్1000 చలికి పెద్దగా మారదు గానీ, అక్కడ గాలి పల్చన, ఎంత దూరానికి గుండు ఎంత కిందికి దిగుతుందో చెప్పే పట్టిక మళ్లీ వేసుకోవాలి.

కొత్తగా_చేరా:
నేను హెచ్1బీ మీద ఉన్నా. ఇవన్నీ ఇంట్లో పెట్టుకోవచ్చా?

బోయిసీ_అక్క:
నాన్ ఇమిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. గడువు తీరితే మినహాయింపూ పోయినట్టే. లైసెన్సు చేతిలోకి రాకుండా ఒక్క తూటా కూడా కొనకు. వీసాతో పని కాబట్టి ముందు లాయర్ని అడుగు.

గోదారోడు_డాలస్:
పది కొట్టాను. 1.3 అంగుళాల్లో పడ్డాయి. బల్ల వదిలేసి, బ్యాక్‌ప్యాక్ మీద రైఫిలు ఆనించి 600లో ఎల్క్ ఛాతీ అంత పళ్లానికి పది వేశాను, నాలుగు తగిలాయి. 350లో పదికి పదీ. సరే, 350. గుండు కూడా వెనక్కి జరిపాను, కొండదారి అన్నా.

నల్గొండ_పోరడు:
మాస్టారూ, పేపర్ క్లిప్ పెట్టి సూశిన. యాభైల ఆరింటికి గాడి తగిలింది. నిన్ననే గవిట్ల ప్రైమర్లు పెడ్దామనుకున్న.