గీజర్ వేస్తే ఆర్సీసీబీ పడిపోతోంది, ఎలిమెంట్ మార్చినా అంతే

నిజాంపేట్ ఫ్లాట్:
అన్నలూ కొంచెం హెల్ప్ చేయండి. నిజాంపేట్‌లో పాత అపార్ట్‌మెంట్ మాది. వానలు మొదలైనప్పటి నుంచి గీజర్ స్విచ్ వేయగానే మెయిన్ ఆర్సీసీబీ (కరెంట్ ఎర్త్‌కి లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) టప్‌మని పడిపోతోంది, 30 మిల్లీ ఆంప్స్‌ది. బోర్ నీళ్లు కదా ఎలిమెంట్ పోయుంటుందని కొత్తది వేయించా, అయినా అంతే. ఇప్పుడు బెడ్‌రూమ్ ఏసీ కంప్రెసర్ స్టార్ట్ అయినా పడుతోంది, ఉత్త ఫ్యాన్లు లైట్లు ఉంటే రాత్రంతా ఏం కాదు. ఎలక్ట్రీషియన్ ఏమో ఆర్సీసీబీ తీసేసి డైరెక్ట్ చేసేద్దాం సార్, లేదంటే 100 మిల్లీ ఆంప్స్‌ది పెడదాం అంటున్నాడు. ఇంట్లో చిన్న పాప ఉంది, నాకు ధైర్యం చాలట్లేదు.

వైరింగ్ అన్న:
డైరెక్ట్ మాత్రం చేయించొద్దు బ్రదర్, దండం పెడతా. 30 అనేది మనిషికి షాక్ కొడితే ప్రాణం కాపాడటానికి, 100 అంతకన్నా పెద్ద లీకేజీకి, మంటలు రాకుండా పెట్టేది, బాత్రూమ్‌లో పాపకి దాన్ని నమ్ముకోలేం.
గీజర్‌కీ పడి ఏసీకీ పడి చిన్న లోడ్‌కి పడట్లేదంటే నా డౌట్ ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోందని. ఆర్సీసీబీ చూసేది ఒకటే, ఫేజ్‌లో వెళ్లిన కరెంట్ అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా. న్యూట్రల్ ఎర్త్‌కి అంటుకుంటే తిరిగొచ్చే దాంట్లో కొంత ఎర్త్ దారిన పోతుంది, లోడ్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, పాపం గీజర్ మీద నింద పడుతుంది. ఇంకోటి, డీబీలో (స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ బాక్స్) ఎంసీబీలు, అంటే ఒక్కో సర్క్యూట్‌కి ఉండే బ్రేకర్లు, సింగిల్ పోల్ అయితే ఫేజ్ ఒక్కటే కట్ అవుతుంది, అందుకే ఫాల్ట్ ఉన్న సర్క్యూట్ ఎంసీబీ దించినా ట్రిప్ ఆగదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మెయిన్ ఆఫ్ చేసి, ప్లగ్‌లన్నీ పీకి, న్యూట్రల్ లింక్ నుంచి వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి ఎర్త్‌కీ దానికీ మధ్య 500 వోల్ట్‌ల మెగ్గర్ (వైర్ ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటర్) పెట్టమనండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే అదే దొంగ. మీరు సొంతంగా చేయొద్దు, మెగ్గర్ ఉన్నవాళ్లనే పిలవండి.

ఉప్పల్ యూజర్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని న్యూట్రల్ కూడా చూపించండి, ఆర్సీసీబీ దాటాక రావాల్సింది తీసుకెళ్లి దానికి ముందున్న న్యూట్రల్‌తో కలిపేస్తుంటారు, అప్పుడూ ఇలాగే పడుతుంది. కంప్యూటర్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ ఏసీ లాంటివి ఫిల్టర్ల వల్ల బాగున్నా కొద్దికొద్దిగా కరెంట్ ఎర్త్‌కి వదులుతాయి, 30ది 15 మిల్లీ ఆంప్స్ దాటాక ఎక్కడైనా పడొచ్చు, స్టాండర్డే అలా ఉంది. వీలైతే గీజర్‌కి విడిగా ఆర్సీబీవో (ఆర్సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకదాంట్లోనే ఉండేది) పెట్టించండి, కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి.

నిజాంపేట్ ఫ్లాట్:
దొరికింది అన్నా!! వేరే ఎలక్ట్రీషియన్ మెగ్గర్ తెచ్చాడు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పాయింట్. బాక్స్ విప్పితే లోపలంతా తడి, స్క్రూ కింద న్యూట్రల్ వైర్ తోలు నలిగి రాగి బయటపడి ఎర్త్ వైర్‌కి ఆనుకుని ఉంది, అక్కడంతా పచ్చగా చిలుము. వైరూ బాక్సూ మార్చాడు, ఇప్పుడు గీజర్ ఏసీ రెండూ కలిపి వేసినా పడట్లేదు. ఆర్సీసీబీ మీద టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కాలా? అన్నిసార్లు పడింది కదా, పాడై ఉంటుందా?

వైరింగ్ అన్న:
సంతోషం బ్రదర్. అన్నిసార్లు పడిందంటే పనిచేస్తోందనే. నెలకోసారి కరెంట్ ఉన్నప్పుడు నొక్కండి, వెంటనే పడాలి, పడకపోతే ఆ రోజే మార్పించండి. బటన్ లోపలి మెకానిజం పనిచేస్తుందో లేదో మాత్రమే చెప్తుంది, మీ ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు, అది విడిగా కొలిపించుకోండి. బాల్కనీకి కొత్త బాక్స్ వాటర్‌ప్రూఫ్‌దే వేశాడా? మామూలుది అయితే ఈ వానల్లోనే మార్పించండి.