సర్కారు బడి పిల్లలకు లైన్‌మన్‌నే పిలవాలా, డాక్టర్‌ని పిలవకూడదా?

పాత విద్యార్థి 2006
భీమవరం దగ్గర మా ఊరి జడ్పీ హైస్కూల్లో చదువుకున్నవాళ్ళం కొంతమందిమి కలిసి నవంబర్ 14న ఒక పూట కార్యక్రమం పెడదామనుకున్నాం. ఊళ్లో, చుట్టుపక్కలా పనిచేసే ఆరుగురు వచ్చి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో మాట్లాడాలి. తామేం పని చేస్తారు, అందులోకి ఎలా వచ్చారు, దానికి ఏం చదవాలి, అంతే. జాబితాలో మా సెక్షన్ లైన్‌మన్, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్, ట్రాక్టర్ మెకానిక్, సచివాలయం సర్వేయర్, పోస్ట్‌మాస్టర్, ఒక బ్యాంక్ క్లర్క్ ఉన్నారు. మొన్న విద్యా కమిటీ మీటింగ్‌లో ఇది చదివితే గొడవైపోయింది. "టౌన్లో కార్పొరేట్ స్కూళ్ళకి ఐఏఎస్‌లు, డాక్టర్లు వస్తారు, మా పిల్లలకు మాత్రం స్తంభాలెక్కేవాళ్ళా?" అని కమిటీలోని తల్లిదండ్రులు ముఖం మీదే అడిగారు. హెచ్‌ఎం గారు ఎటూ తేల్చకుండా మా మీదకే నెట్టేశారు. నా మటుకు నాకు ఈ జాబితా సరైందే. మీరేమంటారో మొహమాటం లేకుండా చెప్పండి.

డల్లాస్ నుంచి
తల్లిదండ్రులు అన్నదాంట్లో తప్పేముంది అన్నా? ఊళ్లో లైన్‌మన్‌ని పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. చూడనివాళ్ళని చూపించడానికి కదా ఇలాంటి కార్యక్రమాలు. సైంటిస్టునో, పైలట్‌నో, కనీసం జిల్లాలో పేరున్న డాక్టర్‌నో తీసుకురండి. కావాలంటే ఇక్కడ మావాళ్ళు నలుగురైదుగురు జూమ్‌లో మాట్లాడతారు, టైమ్ తేడా మేం సర్దుకుంటాం. నేనూ జడ్పీ స్కూల్ వాడినే. నా చిన్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి అమెరికా అనేది ఒకటుందని చెబితే ఇంకా ముందే మేలుకునేవాడిని.

కంచరపాలెం కుర్రాడు
లైన్‌మన్‌ని రోజూ చూస్తారు సరే, ఆ ఉద్యోగం ఎలా వస్తుందో ఊళ్లో ఎంతమందికి తెలుసు డల్లాస్ అన్నా? నా సంగతే చెప్తాను. పది తర్వాత ఐటీఐలో రెండేళ్ళు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను. అప్పట్లో మా చుట్టాలంతా "బోల్టులు బిగించుకుంటాడు" అని జాలిపడ్డారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి పదో తరగతి, ఐటీఐ ఉంటే చాలని, బీటెక్ వాళ్ళూ మనతోపాటు అదే పరీక్ష రాస్తారని నాకు చెప్పింది ఏ కెరీర్ గైడెన్స్ వాళ్ళూ కాదు, మా వీధిలో రైలు నడిపే ఒక అంకుల్. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ ఉద్యోగానికి కంటిచూపు పరీక్ష చాలా కఠినం, కళ్ళజోడు ఉంటే తీసుకోరు, లాసిక్ ఆపరేషన్ చేయించుకుని వెళ్ళినా తీసుకోరు, ముందే చూపించుకో అని. నా ఫ్రెండ్ ఒకడు ఈ ముక్క తెలియక రాత పరీక్షలన్నీ పాసై మెడికల్‌లో పోయాడు. కోచింగ్‌కి పెట్టిన డబ్బులు, రెండేళ్ళ కష్టం, మొత్తం. ఇలాంటివి జూమ్‌లో డల్లాస్ నుంచి ఎవరు చెప్తారు?

అమ్మనే అడగండి
నేనే ఆ మీటింగ్‌లో గొడవపెట్టినదాన్ని. కమిటీ మెంబర్‌ని. ఇక్కడ ఎవరూ మాకు జ్ఞానం చెప్పకముందే నా మాట రాసుకుంటాను. మా ఆయన చెరువు మీద కాపలా. నేను రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి పోతాను, ఐసు నీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ సాయంత్రానికి వేళ్ళు వంగవు, గ్లోవ్స్ ఇస్తారు కానీ అవి వేసుకుంటే చెయ్యి జోరుగా ఆడదు, ఆడకపోతే కేజీలు రావు. మా పాప ఎనిమిది చదువుతోంది. కష్టపడి పనిచేయడం ఎలాగో దానికి ఎవరూ బడికొచ్చి చెప్పక్కర్లేదండి, ఇంట్లో రోజూ చూస్తోంది. దానికి కావలసింది ఈ ఊరి నుంచి బయటపడే దారి. మీరేమో చెరువు నీళ్ళు పరీక్ష చేసేవాడిని తెచ్చి నిలబెడతామంటున్నారు. మళ్ళీ చెరువే.

సోషల్ మాస్టారు
ఈ అమ్మ కోపానికి చరిత్ర ఉంది, తేలిగ్గా తీసుకోకండి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పల్లెటూరి ప్రాథమిక బడుల పిల్లలు ఒక పూట బడికి రావాలి, రెండో పూట ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి అని ఒక పథకం తెచ్చారు. కులవృత్తి విద్య అని ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ వాళ్ళు దుమ్మెత్తిపోశారు. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చాక దాన్ని ఎత్తేశారు. 1953 అక్టోబర్ 1 దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ మద్రాసులోనివే. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వచ్చి వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. చదవడానికి బాగుంది. అందరు పిల్లలకూ అన్నారు కూడా. కానీ నెలకు వేలల్లో ఫీజు కట్టే స్కూల్ పిల్లాడు ఆ పది రోజులు కుమ్మరి సారె దగ్గర కూర్చుంటే అది సరదా, ఫొటో. మా బడిలో కుమ్మరి పిల్లాడే కూర్చుంటే దాని అర్థం వేరు.

అలాగని నేను పాత విద్యార్థి గారి జాబితాకు వ్యతిరేకం కాదు. జాబితాలో ఎవరున్నారనే దానికంటే వచ్చినవాళ్ళు ఏం మాట్లాడతారన్నదే నాకు ముఖ్యం. ఇన్నేళ్ళ సర్వీసులో మా బడికి ఎమ్మెల్యేలు, డాక్టర్లు, ఎన్‌ఆర్‌ఐలు చాలామందే వచ్చారు. కష్టపడి చదవండి, తల్లిదండ్రులకు పేరు తెండి అని చెప్పి వెళ్ళారు. అది మేం రోజూ చెప్పేదే.

బెంగుళూరు బాబాయ్
మాస్టారూ, నూటికి నూరుపాళ్ళు. మా ఊళ్లో నన్నూ ఒకసారి పిలిచారు, సాఫ్ట్‌వేర్ అని. శాలువా, బొకే, వేదిక మీద తొమ్మిదిమంది పెద్దలు, ఒక్కొక్కరి ఉపన్యాసం, పిల్లలు గ్రౌండ్‌లో ఎండకి కళ్ళు చిట్లించుకుని కింద కూర్చున్నారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్న భోజనం గంట కొట్టేశారు, గుడ్డు వాసన వస్తుంటే జావా గురించి ఎవరు వింటారు? ఒక్కడూ ప్రశ్న అడగలేదు. కారెక్కబోతుంటే మాత్రం ఒకడు పరిగెత్తుకొచ్చి "సార్, మీ ఫోన్ ఎంత?" అన్నాడు. ఆ రోజు మొత్తంలో నిజమైన ప్రశ్న అదొక్కటే.

స్టేజీ తీసేయండి. క్లాస్‌రూమ్‌లో కూర్చోబెట్టండి, ఒక గదికి ఒక మనిషి, పాతికమంది పిల్లలు.

సిస్టర్ కాకినాడ
అందరూ అన్నీ మాట్లాడుతున్నారు కానీ, అన్నయ్యగారూ, మీ ఆరుగురిలో ఒక్క ఆడమనిషి లేదు, గమనించారా? మీ సర్వేయర్ ఆడమనిషి అయితే చెప్పండి, మాట వెనక్కి తీసుకుంటా.

నేను స్టాఫ్ నర్సుని. మా బ్యాచ్‌లో అమ్మాయిలు పది అయ్యాక ఫ్రెండ్ ఏ గ్రూప్ తీసుకుంటే అదే తీసుకున్నారు. ఎంపీసీ తీసుకున్నాక ఒకరికి నర్సింగ్ చేయాలనిపించింది, బీఎస్సీ నర్సింగ్‌కి బైపీసీ కావాలి, ఇక అయిపోయింది. ఫార్మసీ అయితే రెండు గ్రూపులవాళ్ళకీ ఉంటుంది. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు, రెంటికీ తర్వాత దారులు వేరు. ఇది పదో తరగతిలో అరగంటలో చెప్పే విషయం. పదిహేనేళ్ళ పిల్ల జీవితం ఆ అరగంట మీద ఉంటుంది. ఇంకా చెప్పాలంటే నైట్ డ్యూటీలు ఎలా ఉంటాయో, హాస్టల్ ఎలా ఉంటుందో, పేషెంట్ తరపువాళ్ళు తిడితే ఏం చేయాలో కూడా చెప్పాలి. అప్పుడే అమ్మాయితోపాటు వాళ్ళ నాన్న కూడా వింటాడు. దూరం పంపడానికి భయపడేది ఆయనే కదా.

డల్లాస్ నుంచి
సిస్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. అమ్మ గారి పాప డాక్టర్ కావాలనుకుంటే, మీరంతా కలిసి ఐటీఐ, జీఎన్‌ఎం అని సర్దుబాటు కలలు అమ్ముతున్నట్టు కాదా?

కంచరపాలెం కుర్రాడు
నాది సర్దుబాటు కలా?? రాత్రి రెండింటికి గూడ్స్ ఇంజన్‌లో కూర్చుని సిగ్నల్ ఏ రంగో చూసి గట్టిగా పలికేవాణ్ణి నేను. కలలోకి కూడా రాదు మీకు ఆ ఇంజన్ వేడి.

పోల్ నంబర్ 42
నమస్కారం. నన్ను గురించే కాబట్టి రాస్తున్నా. జాబితాలో ఉన్న లైన్‌మన్ నేనే.

అమ్మగారూ, మీ మాటకి నాకు కోపం రాలేదు. మా అబ్బాయిని నేను కూడా స్తంభం ఎక్కనివ్వను. వాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చేస్తున్నాడు, మూడేళ్ళయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, వాణ్ణి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సీటులో చూడాలని నాకూ ఉంది. మీరు కోరుకునేదే నేనూ కోరుకుంటున్నా. అయితే ఆ దారి నాకు తెలిసింది ఈ పనిలో ఉండబట్టే, మా ఆఫీసులో ఏఈ గారిని చూడబట్టే.

పిల్లలకు నేనేం చెప్పాలనుకున్నానో కూడా చెప్తా. ఎల్‌సీ తీసుకుంటాం, అంటే సబ్‌స్టేషన్ వాళ్ళు లైన్ ఆపినట్టు. అయినా వైరు ముట్టుకోం. ముందు డిశ్చార్జ్ రాడ్ వేసి ఎర్త్ చేస్తాం, ఎందుకంటే కరెంటు పోగానే ఎవరో చెరువు గట్టు మీద జనరేటర్ వేస్తాడు, లైన్ నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ సరిగ్గా ఉండదు, ఆ కరెంటు తిరిగి మా లైన్‌లోకి వస్తుంది. చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని ఆయన భయం ఆయనది, పైన ఉన్న మనిషి ప్రాణం మాది. మా సెక్షన్ పరిధిలో సగం ఇళ్ళు చెరువులవాళ్ళవే, ఆ స్విచ్ దగ్గర నిలబడేది ఈ పిల్లల నాన్నలు, అన్నలు. ఇది నేను బడిలో చెప్తే ఇంటికెళ్ళి చెప్తారు. ఆ ఒక్క పనికైనా నేను వస్తా, నన్ను చూసి ఎవరూ లైన్‌మన్ కాకపోయినా నాకేం బాధ లేదు.

ఇంకోటి, ఈ ఉద్యోగం తేలిగ్గా వస్తుందనుకోకండి. ఐటీఐ గానీ ఎలక్ట్రికల్‌లో ఇంటర్ వొకేషనల్ గానీ కావాలి, స్తంభం ఎక్కి చూపించాలి.

ఆక్వా మూర్తి
చప్పట్లు అన్నా. నేను వేరే మండలం, అదే ల్యాబ్ పని. అమ్మగారు "మళ్ళీ చెరువే" అన్నారు, నిజమే, కానీ చెరువు గట్టు మీద కాపలా ఉండటం ఒకటి, ఆ చెరువుకి ఏం వెయ్యాలో చెప్పడం ఒకటి. పదో తరగతి తర్వాత ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో కాలేజీ ఉంది, ఆ డిప్లొమాతోనే సచివాలయాల్లో ఫిషరీస్ అసిస్టెంట్ ఉద్యోగాలు వచ్చాయి. రొయ్యల జిల్లాలో పుట్టి దీని పేరు వినని పిల్లలు కోకొల్లలు. నేను బడికి వెళ్తే ఉపన్యాసం ఇవ్వను, ఒక చెక్ ట్రే (రొయ్య మేత తిందో లేదో చూసే పళ్ళెం), రెండు సీసాల చెరువు నీళ్ళు, టెస్ట్ కిట్ పట్టుకెళ్తా. చుక్కలు వేయగానే రంగు మారుతుంది కదా, అక్కడినుంచి కెమిస్ట్రీ వాళ్ళే అడుగుతారు. ట్రేలో మేత మిగిలితే ఏం చేయాలో సగంమంది నాకంటే ముందే చెప్పేస్తారు కూడా.

సోషల్ మాస్టారు
చిన్న చిన్న సంగతులు, నిర్వాహకుల కోసం. నవంబర్ దాటిస్తే పదో తరగతివాళ్ళని మేమే వదలం, స్టడీ అవర్లు మొదలవుతాయి. బయటివాళ్ళు పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ప్రతి గదిలో మా టీచర్ ఒకరుంటారు, ఇది ఎవరినీ అనుమానించడం కాదు. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం బంద్. ట్రిపుల్ ఐటీ గురించి చెప్పడానికి నూజివీడులో చదివిన మన బడి పిల్లనే పిలవండి. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో సీటు వస్తుందని ప్రతి ఏడూ చెబుతాం, మేం చెబితే పాఠం, ఆ పిల్ల చెబితే నమ్మకం. శాలువాల డబ్బుతో కాగితం, పెన్నులు కొని ప్రశ్నలు ముందురోజే రాయించుకోండి. పేర్లు రాయొద్దని చెప్పండి, అప్పుడే జీతం ఎంత అని అడుగుతారు.

పాత విద్యార్థి 2006
సరే, మారుస్తున్నా. పోస్ట్‌మాస్టర్ గారు, బ్యాంక్ క్లర్క్ గారు ఈసారికి ఆగుతారు (ఇద్దరూ నా మీద అలుగుతారు, అది నేను చూసుకుంటా). వాళ్ళ చోట స్టాఫ్ నర్స్ ఒకరు, నూజివీడు పిల్ల. సర్వేయర్ ఆడమనిషే, సిస్టర్ గారూ, రాయడంలో తెలియలేదు. పీహెచ్‌సీ డాక్టర్ గారిని కూడా అడుగుతున్నాం, ఆవిడ కూడా సర్కారు బడిలోనే చదివారట. డల్లాస్ అన్నా, జూమ్ వద్దు కానీ సంక్రాంతికి వస్తే ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్ళతో ఒక గది మీకు రాసిపెడతాం, శాలువా మాత్రం ఉండదు.

డల్లాస్ నుంచి
శాలువా లేకపోతే రానంటే బాగోదుగా. వస్తాను. వీసా ఇంటర్వ్యూలో రెండుసార్లు తిప్పి పంపిన సంగతి కూడా చెప్పమంటే చెప్తా.

పోల్ నంబర్ 42
నాకు మధ్యాహ్నం స్లాట్ ఇవ్వండి, పొద్దున మెయింటెనెన్స్ ఉంటే ఎల్‌సీ వదిలి రాలేను. జీతం చెప్తా, కటింగులతో సహా.

అమ్మనే అడగండి
మీటింగ్ పుస్తకంలో నేను ఒప్పుకోలేదనే రాయండి. డాక్టరమ్మ వస్తుందో రాదో తేలాక సంతకం పెడతా. ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నర్సమ్మ గదిలో కూర్చుంటా, నాకు అడగాల్సినవి ఉన్నాయి. తల్లులు కూడా చీటీ మీద ప్రశ్న రాసివ్వచ్చా, లేక అది పిల్లలకేనా?