రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్పించడం మంచిదా, విడివిడిగానా?

సీతమ్మధార వాసి:
మా అమ్మగారికి 67 ఏళ్ళు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయి ఎముకకు ఎముక తగులుతోంది, కాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి. మాత్రలు, ఇంజెక్షన్లు, వ్యాయామాలు అన్నీ అయ్యాయి కనుక ఆపరేషన్ కావాలా వద్దా అన్న ప్రశ్న మాకు లేదు. నగరంలో ఇద్దరు ఎముకల వైద్యులకు చూపిస్తే, ఒకరు ఒకే మత్తులో రెండు కీళ్ళూ మార్చేద్దామన్నారు. రెండోవారు ముందు ఒకటి చేసి, కనీసం మూడు నెలలు ఆగి రెండోది చేద్దామన్నారు. అమ్మగారికి బీపీ ఉంది, షుగరు మాత్రలతో అదుపులో ఉంది. ఆవిడ మాత్రం ‘చేస్తే రెండూ ఒకేసారి చేయించండి, మళ్ళీ నన్ను ఆపరేషన్ గదిలోకి పంపకండి’ అంటున్నారు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి:
అమ్మగారి మాటే సరైనదని నా నమ్మకం. మా శ్రీమతికి రెండూ ఒకేసారి చేయించాము. చాలామంది దీన్ని ఖర్చు లెక్కగా చూస్తారు గానీ, ఖర్చులో తేడా అనుకున్నంత ఉండదు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకీళ్ళ ధరలకు కళ్ళెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు రకానికి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ధర ఎంతైనా, ఎప్పుడు చేయించినా రెండు కీళ్ళకూ పెట్టవలసిందే. మిగిలేదల్లా థియేటరు, మత్తు, గది అద్దె, పిల్లల సెలవులు.

అసలు కారణం కాళ్ళ వంకర. ఒక కాలును సరిచేస్తే అది నిటారై పొడవుగా తోస్తుంది, రెండోది వంగే ఉంటుంది. మనిషి ఆ పొట్టి కాలికి సరిపోయేలా కొత్త మోకాలిని కూడా కాస్త వంచి నడవడం అలవాటు చేసుకుంటారు, దానితో కొత్త కీలు పూర్తిగా చాపడానికి రాకుండా పోతుంది. మొదటి ఆపరేషన్ నొప్పి చూసి, రెండోదానికి ససేమిరా అని కూర్చున్నవారు మా బంధువుల్లోనే ఉన్నారు. వారు నేటికీ కుంటుతూనే నడుస్తున్నారు.

అరిలోవ మిత్రుడు:
పై వారితో ఏకీభవించలేకపోతున్నందుకు మన్నించాలి. మా నాన్నగారికి రెండూ ఒకేసారి చేశారు. వార్డుకు మార్చాక ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ చేరిందని తేల్చి ఐసీయూలో పెట్టారు. దేవుడి దయ వల్ల కోలుకుని ఇప్పుడు తన పనులు తాను చేసుకుంటున్నారు. అయితే గుండెకు ఎకో పరీక్ష ఆపరేషన్‌కు ముందు చేయలేదు, ఆయాసం వచ్చాకే చేశారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పను. ముందే అడగవలసిన ప్రశ్న ఇదని మాత్రం అందరికీ చెబుతున్నాను.

ఇక మా ఇల్లు కొండవాలున ఉంది. ఆటో కిందే ఆగిపోతుంది, అక్కడి నుంచి గుమ్మం దాకా మెట్లే. నాన్నగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్ళాము. అలా ఎక్కించిన మనిషిని ఫిజియోథెరపీకి మళ్ళీ మళ్ళీ దించలేక ఎన్నో సిట్టింగులు పోగొట్టుకున్నాము. ఒక కాలే చేసి ఉంటే, రెండో కాలి ఆసరాతో వాకరు పట్టుకుని నెమ్మదిగానైనా ఆయనే దిగేవారు.

గాజువాక ఫిజియోథెరపిస్టు:
ఇద్దరి మాటల్లోనూ నేను రోజూ చూసే నిజం ఉంది. కాబట్టి ‘ఏది మంచిది’ అని కాక, ‘ఈ 67 ఏళ్ళ అమ్మగారికి ఏది మంచిది’ అని అడగాలి.

ఒకేసారి చేస్తే ప్రమాదం ఎందుకు పెరుగుతుందో ముందు చెబుతాను. తొడ ఎముకను సరైన కోణంలో కోయడానికి, చాలా పద్ధతుల్లో, దాని మధ్యనున్న మూలుగ గొట్టంలోకి ఒక కడ్డీని దించుతారు. ఆ ఒత్తిడికి మూలుగలోని కొవ్వు కొంత రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఒక కాలైతే ఆరోగ్యవంతుడి శరీరం దాన్ని దాదాపు ఎప్పుడూ సర్దుకుంటుంది. అదే పని ఒకే పూటలో రెండుసార్లు జరిగితే గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది. రక్తం కూడా ఎక్కువ పోతుంది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు వాడకం వచ్చాక రక్తం ఎక్కించే అవసరం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుండె ఇబ్బందులు, రక్తం ఎక్కించడం ఒకేసారి చేయించుకున్నవారిలో ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. లోతైన ఇన్ఫెక్షన్ విషయంలో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు.

అయితే ఆ లెక్కలను జాగ్రత్తగా చదవాలి. మొదటి మోకాలి తర్వాత గుండెపోటు వచ్చి, రెండోదానికి ఇక రానే రాని రోగి ‘విడివిడిగా చేయించుకున్నవారి’ జాబితాలో చాలాసార్లు ఉండరు, ఎందుకంటే ఆ జాబితా రెండూ పూర్తయినవారిది. అందుకే విడివిడి పద్ధతి ఉన్నదానికంటే క్షేమంగా కనిపిస్తుంది. మరోవైపు ఒకేసారి చేయడానికి సర్జన్లు ఆరోగ్యవంతులనే ఎంచుకుంటారు కనుక, ఆ పద్ధతీ ఉన్నదానికంటే క్షేమంగానే కనిపిస్తుంది. ఈ రెండు చిక్కులనూ చెప్పకుండా ఒక్క శాతాన్ని చూపి ఒప్పించేవారి మాట మీద నిర్ణయం తీసుకోకండి.

2013లో అమెరికా నిపుణులు వెలువరించిన ఉమ్మడి సూచనల ప్రకారం, 75 ఏళ్ళు దాటినవారికి, గుండెకు రక్తప్రసరణ లోపమున్నవారికి, గుండె పంపింగ్ 40 శాతం కంటే తక్కువ ఉన్నవారికి, ఆక్సిజన్ మీద ఆధారపడినవారికి రెండూ ఒకేసారి చేయకూడదు. ఇన్సులిన్ మీద ఉన్న షుగరు, మూత్రపిండాల లోపం, మితిమీరిన స్థూలకాయం ఉన్నవారి విషయంలోనూ వెనకాడాలి. విడిగా చేస్తే మధ్యలో మూడు నెలలు ఆగాలన్నదీ అందులోనిదే. మీరు చెప్పిన వివరాలను బట్టి అమ్మగారు ఆ జాబితాలో లేరు. కానీ ఎకో పరీక్ష, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడకుండా నేను ఆ మాట తేల్చి చెప్పలేను.

మెట్ల గురించి ఒక మాట. ఆపరేషన్ అయినవారికి మేము నేర్పే మొదటి సూత్రం ‘ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు’. రెండూ చేసినప్పుడు మంచి కాలు అంటూ ఉండదు. రెండు చేతుల బలంతోనే లేవాలి. అందుకే రెండు కాళ్ళ ఆపరేషన్‌కు వెళ్ళేవారి చేత ముందు నుంచే చేతులకు, తొడ ముందు కండరానికి వ్యాయామం చేయిస్తాను. కూర్చునే కుర్చీకి చేతులు తప్పక ఉండాలి, మంచం మరీ తక్కువ ఎత్తున ఉండకూడదు, కమోడ్ మీద ఎత్తు సీటు బిగించాలి. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే ఇంట్లో సిద్ధం కావాలి.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి:
ఫిజియో గారికి ధన్యవాదాలు. ఒక్క విషయంలో నా పట్టు విడవను. అరిగిపోయిన రెండో మోకాలిని ‘మంచి కాలు’ అనడం ఎలా సాధ్యం? మా శ్రీమతి రెండు కాళ్ళలో ఏదీ మంచిది కాదు. అరిలోవ మిత్రుల నాన్నగారి రెండో కాలు కూడా ఆ మెట్ల మీద బరువు మోయగలిగేదేనా అన్నది ఆలోచించాలి.

అరిలోవ మిత్రుడు:
నొప్పి ఉండేది, నిజమే. అయినా ఆపరేషన్‌కు ముందు రోజు వరకు ఆ కాళ్ళతోనే గోడ పట్టుకుని ఆ మెట్లు దిగారండీ. కుట్లు వేసిన కాలికీ, నొప్పి పుట్టే కాలికీ చాలా తేడా ఉంది.

సీతమ్మధార వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఎకో, హెచ్‌బీఏ1సీ రెండూ ఈ వారం చేయిస్తున్నాము. గుండె వైద్యులు అభ్యంతరం లేదంటే అమ్మగారి కోరిక ప్రకారమే ఒకేసారి. ఏ చిన్న అనుమానం చెప్పినా విడివిడిగా. ఆవిడకు కూడా ఈ షరతు చెప్పి ఒప్పించాము. మాది లిఫ్టు ఉన్న అపార్టుమెంటు కనుక మెట్ల సమస్య లేదు. విడిగా చేయవలసి వస్తే ముందు ఏ కాలు చేయించాలి?

గాజువాక ఫిజియోథెరపిస్టు:
సాధారణంగా ఎక్కువ నొప్పి పెట్టేదే ముందు చేస్తారు. నొప్పి రెండింటిలోనూ సమానమైతే ఎక్కువ వంకర ఉన్నదాన్ని ఎంచుకుంటారు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఒకటి వెంట తీసుకెళ్ళండి. పడుకోబెట్టి తీసినదానిలో వంకర సరిగా తెలియదు.