మెరక తోలిన లేఅవుట్ల మధ్య ఇల్లు: అనుమతి నిబంధనలు నీటి దారిని కాపాడగలవా?

ప్రశ్న: కౌశిక గట్టు

అమలాపురానికి దగ్గరలోని మా ఊళ్లో నాకు తాతగారి నాటి 5 సెంట్ల స్థలం ఉంది. అందులోని పెంకుటిల్లు పాతబడినందున దానిని తీసి కొత్తది కట్టుకోవాలనుకుంటున్నాను. నా చిన్నతనంలో వీధి అరుగు మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ రావడంతో ఇప్పుడు ఆ అరుగు రోడ్డుకు జానెడు దిగువకు వెళ్లిపోయింది. దొడ్డి వెనుక ఉన్న వరిచేలు రెండేళ్లలో లేఅవుటుగా మారాయి. అక్కడ నాలుగడుగుల మెరక తోలి, అంటే మట్టి పోసి నేలను ఎత్తు పెంచి, డ్రైన్‌కు (పెద్ద మురుగు కాలువకు) పోయే మురుగు బోదెను, అంటే చిన్న కాలువను పూడ్చి, దాని స్థానంలో అడుగు వెడల్పు తూరలు (గొట్టాలు) వేశారు. వాటిలో ఒకటి ఇప్పటికే కొబ్బరి డొక్కలు అడ్డుపడి సగం మూసుకుపోయింది. మొన్నటి వానలకు మా దొడ్డిలో ఆరు రోజులు నీరు నిలిచి నిమ్మచెట్టు వేరు కుళ్లి చనిపోయింది.

మమ్మల్ని కూడా ఐదడుగులు మెరక తోలించుకోమని మేస్త్రి అంటున్నారు. అలా చేస్తే మా నీళ్లన్నీ పక్కనే ఉన్న పిన్నిగారి ఇంట్లోకి పోతాయి. ఆవిడ ఒంటరిగా ఉంటారు, ఇల్లు ఎత్తు పెంచుకునే స్తోమత ఆవిడకు లేదు. మెరకకు నిబంధనల్లో ఎక్కడైనా హద్దు ఉందా? మెరక లేకుండా కట్టుకునే మార్గం ఉందా? అసలు ఈ అనుమతుల పద్ధతి ప్రకృతికి అనువైన నిర్మాణానికి తోడ్పడుతోందా? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: ప్లాన్లు గీసే వ్యక్తి

నేను పదిహేనేళ్లుగా ప్లాన్లు గీసి అనుమతులకు పెడుతున్నాను. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలలో ఖాళీ వదలవలసిన దూరాలు, రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, వాననీటి సంరక్షణ అన్నీ ఉన్నాయి. పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు ఖాళీగా వదలాలన్న నియమం కూడా ఉంది. అయితే స్థలాన్ని ఎంతవరకు ఎత్తు పెంచవచ్చునన్న ప్రశ్న నేను పెట్టిన దరఖాస్తులలో ఎప్పుడూ ఎదురుకాలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం పునాది మట్టం చుట్టూ ఉన్న నేలకంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. నియమం మంచిదే కాని, చుట్టూ ఉన్న నేలే ఏటేటా పెరుగుతున్నప్పుడు ప్రతి కొత్త ఇల్లూ పాత ఇంటికంటే ఎత్తుకు వెళ్లక తప్పడం లేదు.

ఇంకుడు గుంత గురించి ఒక మాట. మన డెల్టాలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. నిండి ఉన్న నేలలోకి నీటిని ఇంకించడం సాధ్యం కాదు. దానికి బదులు కప్పు మీద పడిన నీటిని సంపులో నిల్వ చేసుకోవడం మేలు. బోరు నీరు ఉప్పగా ఉండే తీర గ్రామాలలో ఆ నీటి విలువ ఇంకా ఎక్కువ.

జవాబు: విశ్రాంత డ్రైనేజీ ఇంజనీరు

మీ ప్రశ్న చదివి బాధ కలిగింది, ఎందుకంటే ఇదే సమస్యను నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి వానాకాలంలోనూ చూశాను. ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. గోదావరి వరద వేరు, మురుగు ముంపు వేరు. 1986 ఆగస్టులో గట్లు తెగినప్పుడు వచ్చినది వరద. మీ దొడ్డిలో నిలిచినది గట్ల లోపల కురిసిన వాన, దానిని బయటకు తీసుకుపోవలసినది డ్రైన్లు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన డెల్టా కాలువల అమరిక చూడండి. సాగునీటి కాలువ మెరక మీద నడుస్తుంది, డ్రైన్ పల్లంలో నడుస్తుంది. కాలువ నుంచి పంట బోదె, బోదె నుంచి చేను, చేని నుంచి మురుగు బోదె, అక్కడి నుంచి మైనర్, మీడియం, మేజర్ డ్రైన్లు, చివరకు సముద్రం. ఈ మొత్తం దారిలో వాలు అతి స్వల్పం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు చివరి స్లూయిజుల (నీటి తలుపుల) దగ్గర నీరు కదలదు, ఆటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గే వరకు ఆగవలసిందే. ఆ ఆగిన గంటలలో వాన నీటిని దాచుకున్నవి మన వరిచేలే. చేనును నాలుగడుగులు ఎత్తు పెంచితే ఒక బోదె పోవడమే కాదు, వాన నీరు నిలిచే చోటు కూడా పోతుంది, ఆ నీరు పక్కవారి వాకిట్లో చేరుతుంది. మెరక మట్టి కూడా ఎక్కడో మరొక చేనును గొయ్యి చేసి తెచ్చినదే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు మురుగు పారుదల కూడా వారి ఫిర్యాదులలో ఉన్నది.

మన నియంత్రణలు ఎక్కువగా దూరాన్ని కొలుస్తాయి. సీఆర్‌జెడ్‌లో, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలలో కూడా అంతే. పోటు నీరు వచ్చే ఏరుల వెంట 2011 నోటిఫికేషన్‌లో 100 మీటర్లుగా ఉన్న హద్దు 2019 నాటికి 50 మీటర్లయింది. డెల్టాలో దూరం ఒక్కటే చాలదు, మట్టం కావాలి. మట్టాన్ని బట్టి గీత గీసిన ఉదాహరణ మన పక్కనే ఉంది. కొల్లేరు అభయారణ్యాన్ని 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు నిర్ణయించారు. ఆ గీత లోపల జిరాయితీ (సొంత పట్టా) రైతులకు కలిగిన కష్టం నిజమే, దాని మీద వివాదం ఇంకా తీరలేదు. అయినా నీటిని అర్థం చేసుకున్న కొలత అది. ప్రతి లేఅవుటు ప్లానులోనూ పాత నేల మట్టం, కొత్త మట్టం, డ్రైన్ అడుగు మట్టం అనే మూడు అంకెలు తప్పనిసరిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. లేఅవుటులో ఖాళీగా వదిలే 10 శాతం స్థలాన్ని మెరక చేయకుండా పల్లంగా ఉంచితే, పిల్లలు ఆడుకునే ఆ చోటే వానరోజున నీటిని పట్టుకుంటుంది.

మీ ఇంటి విషయానికి వస్తే, దొడ్డిని ముట్టుకోకండి. మన బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. ఇటువంటి నేలలకు పైల్ ఫౌండేషన్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాల పునాది) వేసి, స్తంభాల మీద ఇంటి మట్టం లేపడం మంచిది. మట్టి పరీక్ష చేయించిన తరువాతే పైల్స్ లోతు నిర్ణయించండి. మన పెద్దలు కూడా ఇంటి కింద మాత్రమే దిబ్బ వేసి, దొడ్డిని పల్లంగానే ఉంచేవారు.

జవాబు: పాలకొల్లు వైపు వార్డు సభ్యురాలు

ఇంజనీరు గారు చెప్పిన మూడు అంకెలు కాగితం మీదకు వచ్చే వరకు పంచాయతీ చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మా ఊళ్లో ఒక లేఅవుటు వచ్చినప్పుడు మేము యజమానిని వెంటబెట్టుకుని పుంత (చేల మధ్య బాట) వెంబడి డ్రైన్ వరకు నడిచాము. బోదెను పూడ్చకుండా హద్దు వెంట తెరిచిన కాలువగా మళ్లించాలని గ్రామసభలో తీర్మానం చేశాము. నాలుగు నెలలు పట్టింది. తరువాత స్థలాలు కొన్నవారిలో ఇద్దరు దాని మీద పలకలు పరిచారు, వారితో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాము. తెరిచి ఉన్న కాలువలో చెత్త కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు తీస్తారు, తూరలో ఇరుక్కున్నది నీరు ఎదురుతన్నే వరకు ఎవరికీ తెలియదు. మీరు ముందుగా లెవెల్ పైపుతో (నీరు నింపి ఎత్తుపల్లాలు చూసే గొట్టంతో) మట్టాలు కొలిపించి, ఆ కాగితంతో సభకు వెళ్లండి.

కౌశిక గట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మేస్త్రి చేత లెవెల్ పైపు పట్టించాను. డ్రైన్‌లో నీరు మా దొడ్డికంటే రెండడుగులు దిగువన ఉంది, అంటే వాలు ఇంకా మిగిలే ఉంది. లోపం తూర దగ్గరే. దాని అడుగును మా దొడ్డి మట్టానికి తొమ్మిది అంగుళాలు పైన పెట్టారు. తొమ్మిది అంగుళాలు నిండేదాకా మా నీరు అందులోకి ఎక్కదు. ఈ కొలతలన్నీ వేసి చిత్రం గీశాను. వచ్చే గ్రామసభలో పిన్నిగారూ నేనూ కలిసి దానిని ఇస్తున్నాము. మెరక మాట మానుకుని, స్తంభాల మీద ఇంటికి ప్లాను గీయిస్తున్నాను.