మంచిరోజు "చూసుకో"నా, "చేసుకో"నా?

ప్రశ్న అడిగినవారు: సభ్యులకు నమస్కారం. చాలా ఏళ్ల కిందట ఒక ఉపన్యాసంలో విని రాసుకున్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. ఈజిప్టులోని సక్కారాలో పాఅతెనెంహెబ్ అనే అధికారి, రాజుకు పానపాత్ర అందించే కొలువులో ఉన్నవాడు, కట్టించుకున్న సమాధి గోడమీద గుడ్డి వైణికుడి శిల్పమూ అతడు పాడే పాటా ఉన్నాయి. ఆ పాటలోని "ఇరి హ్రు నెఫెర్" అనే మాటను వక్త "మంచిరోజు చూసుకో, అలసిపోకు" అన్నారో, "మంచిరోజు చేసుకో" అన్నారో గుర్తు లేదు. నోటుపుస్తకంలో ఆ చోట చెమ్మ తగిలి "చ" చుట్టూ సిరా అలుక్కుపోయింది. ఏది సరైనది?

పంచాంగం తెలిసిన సభ్యుడు: నిస్సందేహంగా "చూసుకో". తెలుగులో మంచిరోజును ఎవరైనా చూసుకుంటారే గాని చేసుకోరు. పైగా ఈజిప్షియన్లకూ తిథి ఫలాలుండేవి. కైరో పంచాంగమని పిలిచే పత్రంలో ప్రతి దినాన్నీ మూడు భాగాలు చేసి, మంచి భాగానికి ఎదురుగా ఇదే "నెఫెర్" రాశారు. అన్నిటికీ మించి, "ఇరి" అనే క్రియను కన్ను బొమ్మతో రాస్తారు. కన్ను ఉన్నచోట చూపు ఉండదా?

లైడెన్‌లో ఉంటున్న సభ్యురాలు: కన్ను బొమ్మ మాట నిజమే గాని, దాన్ని అక్కడ వాడింది ధ్వని కోసం, అర్థం కోసం కాదు. "ఇర్" అంటే చేయడం. చూడడానికి వాళ్లకు "మాఅ" అనే వేరే క్రియ ఉంది, అందులో కన్నుతోపాటు కొడవలి బొమ్మ కూడా వస్తుంది. ఆ సమాధి శిల్పాలు ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని మా ఊరి పురావస్తు ప్రదర్శనశాలలోనే ఉన్నాయి కనుక నేను చాలాసార్లు చూశాను. వైణికుడి కన్ను ఉలితో గీసిన సన్నని గీత మాత్రమే, కనుపాప లేదు. అతని వేళ్లు మాత్రం తీగల మీద నిలిచి ఉన్నాయి. ఇంకొక సంగతి: గోడమీది పాట అసంపూర్ణం. మొత్తం పాట దొరికేది బ్రిటిష్ మ్యూజియంలోని హారిస్ 500 పపైరస్‌లో, అక్కడ దాన్ని ఇంతెఫ్ రాజు సమాధిలోని పాటగా పేర్కొన్నారు.

వ్యాకరణాభిమాని: అయితే "పండుగ చేసుకో" అంటే పేచీయే ఉండదు. మన చర్చంతా "కో" మీద నడవాలి. "చేయి" అంటే ఒట్టి ఆజ్ఞ, "చేసుకో" అంటే నీకోసం నువ్వు చేయమని. అదే పాటలో "నీ మనసు చెప్పినట్టు నడుచుకో" అనే భావం కూడా ఉన్నప్పుడు, ఆ "కొను" లేకుండా తెలుగు కుదరదు. పాట ముగింపులో తన సొత్తు వెంట పట్టుకుపోయే వీలు ఎవరికీ లేదనీ, పోయినవాడు తిరిగి రాలేదనీ ఉంది. వెంటనే పోతన గుర్తుకు రావడం లేదా? బలి నోట "సిరి మూటఁగట్టుకొని పోవం జాలిరే" అనిపించినప్పుడు, ఆ "కొని"లోనే మనిషి ఆశంతా ఉంది. "మూటగట్టి" అంటే పద్యం చప్పబడిపోతుంది.

లైడెన్‌లో ఉంటున్న సభ్యురాలు: "పండుగ"కు నేను ఒప్పుకోను. ఈజిప్టు భాషలో పండుగకు "హెబ్" అనే మాట విడిగా ఉంది, అది ఈ అధికారి పేరులోనే ఉంది. పాఅతెనెంహెబ్ అంటే "అతెన్ దేవుడు పండుగలో ఉన్నాడు" అని అర్థం. హెబ్ దేవుడి కొలుపు, "హ్రు నెఫెర్" మనిషి సుఖంగా గడుపుకొనే రోజు. రెంటినీ ఒకే మాటలో కలిపేస్తే ఆ తేడా పోతుంది.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: పోతనను తెచ్చినవారు పద్యాన్ని సగంలో ఆపేశారు. "భూమిపైఁ బేరైనం గలదే" అని అడిగిన బలి, ఆ వెంటనే కీర్తి కోరి దానమిచ్చిన శిబి వంటివారిని లోకం మరిచిందా అంటాడు. కనుక అది వైరాగ్యం దగ్గర ఆగిపోయే పద్యం కాదు. ఈజిప్టులోనూ ఇలాగే ఎదురు పాట పుట్టింది. లక్సర్ పడమటి ఒడ్డున, హొరెంహెబ్ అనే రాజు కాలపు నెఫెర్‌హోతెప్ సమాధిలో వైణికుడు, పూర్వుల సమాధుల్లోని పాటలు తాను విన్నాననీ, అవి ఇహాన్ని పొగిడి పరలోకాన్ని ఎందుకు తక్కువ చేస్తున్నాయనీ అడుగుతాడు. ఇక "వైణికుడు" అన్నప్పుడు ఈనాటి సరస్వతీ వీణను ఊహించుకోకండి, అమరావతి శిల్పాల్లో కనిపించే విల్లు వంటి వీణను తలచుకోండి.

పంచాంగం తెలిసిన సభ్యుడు: "నెఫెర్" అనే మాటను రాసే బొమ్మ కూడా తంబురే కదా, సంగీతానికీ ఆ మాటకూ సంబంధం ఉండాలి.

లైడెన్‌లో ఉంటున్న సభ్యురాలు: ఒకప్పుడు అలాగే అనుకున్నారు. అది గుండె, దాని పైన నిలిచిన శ్వాసనాళం.

వ్యాకరణాభిమాని: పండుగ వద్దంటే "రోజును హాయిగా గడుపుకో" అనవచ్చు, "కో" మాత్రం నేను వదలను. అడిగినవారిని ఒక్క సంగతి అడగాలి. "చే" అయితే ఏత్వం అక్షరం నెత్తిన కూర్చుంటుంది, "చూ" అయితే కొమ్ముకు కుడివైపు చోటు కావాలి. మీ పుస్తకంలో ఆ మరకకూ "సు"కూ నడుమ ఎడం ఎంత ఉందో చూసి చెప్పగలరా?