పాత జెన్ హెడ్‌కు ఇంట్లోనే పోర్టింగ్, పాలిషింగ్ చేసుకోవచ్చునా?

అంబత్తూరు వాసి:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1998 నాటి, కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పరికరం) ఉన్న మారుతి జెన్ కారు ఉంది. పోయిన నెల తిరుపతి నుంచి చెన్నైకి తిరిగి వస్తుండగా నగరి దాటిన తరువాత ఇంజిను వేడెక్కి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింది గ్యాస్కెట్ (సందు మూసే పలుచని పొర) కాలిపోయింది. హెడ్ నేనే దించాను. మసి కడిగి, గాలి, పొగ వెళ్లే దారులైన పోర్టులలో వేలు పెట్టి చూస్తే పోత పోసిన నాటి గరుకుతనం అలాగే ఉంది. వాల్వు ఆనే సీటు రింగుకు, హెడ్ అల్యూమినియానికి మధ్య గోటికి తగిలే చిన్న మెట్టు కూడా ఉంది. పుదుపేటలో విడిభాగాల కోసం వెళ్లినప్పుడు అక్కడి దుకాణదారు ఒకరు, హెడ్ ఎలాగూ దించారు కనుక అన్ని పోర్టులనూ మానిఫోల్డ్ (హెడ్‌కు బిగించే గొట్టాల జత) గ్యాస్కెట్ కొలతకు వెడల్పు చేసి అద్దంలా మెరిపిస్తే బండి పికప్ మారిపోతుందని చెప్పారు. స్నేహితుడి దగ్గర కరెంటుతో నడిచే డై గ్రైండర్ (వేగంగా తిరిగే చిన్న అరగదీత యంత్రం) ఉంది. నేను రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే బండి ఇది, పందేలకు కాదు. ఈ పని ఇంట్లో చేయదగినదేనా, చేస్తే ఎంతవరకు చేసి ఆగాలి అన్నది తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

గిండీ లేత్ షాపు:

మీరు అడగని విషయంతో మొదలుపెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. వేడెక్కి గ్యాస్కెట్ పోయిన హెడ్‌లో ముందు చూడవలసింది పోర్టులను కాదు, అడుగు ముఖాన్ని. సరైన ఉక్కు బద్దను నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) దూరుతుందేమో చూడండి. సుజుకి ఈ హెడ్‌లకు ఇచ్చిన హద్దు 0.05 మిల్లీమీటర్లు. అంతకు మించి వంగి ఉంటే ఫేసింగ్ (ముఖాన్ని యంత్రం మీద చదును చేయడం) తప్పదు. పగుళ్లు ఉన్నాయేమో ప్రెజర్ టెస్టు కూడా చేయించండి. పగిలిన హెడ్‌కు నెల రోజులు కూర్చుని నగిషీలు చెక్కినవారిని నేను చూశాను.

ఇక అద్దపు మెరుపు సంగతి. మీది కార్బురేటర్ ఇంజిను కనుక పెట్రోలు మొత్తం ఆవిరిగా రాదు. కొంత తుంపరగా గాలితో వస్తుంది, కొంత పోర్టు గోడల వెంట తడిగా పాకుతుంది. గోడ మరీ నున్నగా ఉంటే ఆ తడి పొరలాగా పారి బొట్లు బొట్లుగా సిలిండర్‌లో పడుతుంది. కాస్త గరుకు ఉంటే గాలి దానిని మళ్లీ చెదరగొట్టి తనతో తీసుకుపోతుంది. అందువల్ల గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు 60 లేదా 80 నంబరు ఎమెరీ రోలుతో ఆపేయండి. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు ఎంత మెరిపించినా నష్టం లేదు, మసి పట్టడం కొంత తగ్గుతుంది, కానీ ఆ మెరుపును మీరు మళ్లీ చూడబోయేది తరువాత హెడ్ దించినప్పుడే, అదీ మసి కింద.

వెడల్పు చేయడం గురించి ఇంకా గట్టిగా చెబుతాను. మీ ఇంజిను 993 సి.సి., అంటే ఒక్కో సిలిండరుకు 248 సి.సి. చిల్లర. ఇరుంగట్టుకోట్టై పందేల ట్రాక్ మీద 7000 ఆర్.పి.ఎం. దాటించి తిప్పే బండికి పెద్ద పోర్టు అక్కరకు రావచ్చు. పాడి వంతెన దగ్గర రెండో గేరులో పాకే బండికి పోర్టు పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది, సిలిండరు నిండడం తగ్గుతుంది, మీరు కోరుకున్న పికప్పే ముందుగా పోతుంది. గ్యాస్కెట్ కొలతకు మొత్తం పోర్టును తవ్వవద్దు. మానిఫోల్డు, హెడ్డు కలిసే చోట ఇన్‌టేక్‌లో అడ్డంగా పొడుచుకొచ్చిన అంచు ఉంటే దానిని మాత్రం సరిచేయండి. ఎగ్జాస్ట్‌లో హెడ్ పోర్టు కన్నా మానిఫోల్డు రంధ్రం కొద్దిగా పెద్దగా ఉంటే దానిని అలాగే వదిలేయండి, ఆ మెట్టు పొగ వెనక్కి తన్నకుండా కొంత ఆపుతుంది.

మీరు గోటితో పట్టుకున్న ఆ మెట్టు దగ్గరే అసలు లాభం ఉంది. సీటు రింగు కింద సుమారు 12 మిల్లీమీటర్ల లోతు వరకు ఉన్న భాగంలో మెట్టును నున్నగా కలిపేయండి. గాలి వంపు తిరిగే చోట లోపలి అంచు, అంటే పోర్టు నేల వైపు ఉన్న పొట్టి మలుపు, గుండ్రంగానే ఉండాలి. అక్కడ అడ్డుగా ఉందనుకుని చెక్కేస్తే గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతుంది. తరువాత సీట్లను 30, 45, 60 డిగ్రీలలో మూడు కోతలు వేయించండి. వాల్వు ఆనే 45 డిగ్రీల పట్టీ వెడల్పు 1.3 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఈ చివరి పని ఇంట్లో వద్దు, కటింగ్ యంత్రం ఉన్న చోటే చేయించాలి.

జయనగర్ బాబాయి:

గిండీ వారు చెప్పిన దానికి నా మూర్ఖత్వం ఒకటి ఉదాహరణగా కలుపుతాను. బెంగళూరులో నా మారుతి 800 హెడ్‌ను బాల్కనీలో పెట్టుకుని నేను కూడా ఇదే పని మొదలుపెట్టాను. మొదటి రెండు పోర్టులు బాగా వచ్చాయి. ఆ ఉత్సాహంతో మూడో పోర్టు పైకప్పును ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లోపలికి వెళ్లాను. గ్రైండర్ చప్పుడు సన్నబడింది. పట్టించుకోలేదు. కడిగి ఆరబెట్టి, హెడ్‌ను చల్లబరిచే నీళ్ల దారి నింపి చూస్తే పోర్టు పైకప్పులో ఆవగింజంత నీటి బొట్టు నిలిచింది. తుడిచాను. మళ్లీ వచ్చింది. ఆర్గాన్ వెల్డింగు చేయించాను కానీ ఆ వేడికి హెడ్ వంగి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు చేతితో తిరగకుండా పట్టేసింది. చివరికి జె.సి. రోడ్డులో పాత హెడ్ కొనుక్కున్నాను.

అందుకని మీరు గ్రైండర్ పట్టుకునే ముందు, పుదుపేటలోనే పగిలిపోయిన జెన్ హెడ్ ఒకటి తుక్కు ధరకు కొని, ఒక పోర్టును హ్యాక్‌సా రంపంతో నిలువునా కోయండి. నీళ్ల దారి ఎక్కడుందో, ఏ గోడ ఎంత మందమో కళ్లతో చూసినట్టు మరే విధంగానూ తెలియదు. మిగిలిన పోర్టుల మీద చేయి సాధన చేయండి. బర్ (గ్రైండర్ కొనకు బిగించే కోత ముక్క) అల్యూమినియం కోసం చేసిన వెడల్పు పళ్లది కావాలి. ఇనుముకు వాడే సన్న పళ్ల బర్ అయితే నిమిషంలో అల్యూమినియం మేకులా ఇరుక్కుపోతుంది. మధ్య మధ్య కిరోసిన్‌లోనో కొవ్వొత్తి మైనంలోనో ముంచుతూ ఉండండి. సీట్ల మీద పాత వాల్వులు పెట్టి ఉంచండి, బర్ ఒక్కసారి జారి సీటును గీస్తే దాని ఖర్చు వేరే. కళ్లజోడు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

మైలాపూరు నుంచి:

నా అభిప్రాయం కొంచెం వేరు. రోజువారీ బండికి ఇదంతా ఎందుకండీ? సీట్ల కోత, వాల్వ్ ల్యాపింగ్ (వాల్వును సీటుకు రుద్ది అతికేలా చేయడం), కొత్త సీళ్లు వేయిస్తే ఆ పాత బండికి కలిగే తేడాలో ముప్పాతిక వంతు వస్తుందని నా అనుభవం. ఏది చేసినా ఆఖరున కార్బురేటర్ మిశ్రమం మళ్లీ సరిచేయించండి. 2000కు ముందటి ఇలాంటి పెట్రోలు కార్లకు పొగ పరీక్షలో ఐడిల్ వద్ద (బండి నిలిపి ఇంజిను నడుస్తుండగా) కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు.

గిండీ లేత్ షాపు:

మైలాపూరు వారి మాటను నేను కాదనను. అయితే చేతిలో సమయం ఉన్నవారు పోర్టుల మెరుపు మీద పెట్టే శ్రద్ధను దహన గదుల (హెడ్‌లో పెట్రోలు మండే గుంటల) కొలత మీద పెట్టాలి. ప్లగ్గు బిగించి, వాల్వులకు గ్రీజు రాసి కూర్చోబెట్టి, పైన రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అతికించి బ్యూరెట్‌తో కిరోసిన్ నింపండి. గ్యాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే ఖాళీ కూడా కలుపుకొని లెక్క చెబుతాను. ఒక సిలిండరుకు పైన మొత్తం 32 సి.సి. ఖాళీ ఉంటే కంప్రెషన్ (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో ఆ లెక్క) 8.76, ఇంకొక దానికి 33 ఉంటే 8.52. ఒకే ఇంజినులో రెండు రకాల సిలిండర్లు ఉన్నట్టే. తక్కువ కొలత వచ్చిన గదిని కొద్దికొద్దిగా రుద్ది ఎక్కువ దానికి సమానం చేయండి.

అంబత్తూరు వాసి:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. హెడ్ 0.08 వంగి ఉంది, ఫేసింగ్ చేయించాను. ప్రెజర్ టెస్టులో పగుళ్లు లేవు. బాబాయిగారు చెప్పినట్టు తుక్కు హెడ్ కోసి చూశాను. నేను వెడల్పు చేద్దామనుకున్న చోటే ఇన్‌టేక్ గోడ అన్నిటికన్నా పలుచగా ఉంది. ఆ చోటు జోలికి పోలేదు. సీటు కింద మెట్లు మాత్రం కలిపి, ఇన్‌టేక్‌ను 80 నంబరుతో వదిలేశాను. నాలుగు గదులలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 1.2 సి.సి. ఉండగా దానిని 0.3కు తెచ్చాను. సీట్ల కోత బయట చేయించాను.

బండి ఇప్పుడు ఐడిల్‌లో మునుపటిలా వణకడం లేదు. రెండో గేరులో లాగుడు కూడా కొంత మెరుగనిపిస్తున్నది, కానీ అది పోర్టుల వల్లనా, కొత్త సీట్ల వల్లనా, సరిచేసిన కార్బురేటర్ వల్లనా అని అడిగితే విడదీసి చెప్పలేను. ఒక్క మాట మాత్రం ఇలాంటి పని చేయబోయే వారికి చెప్పాలి. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి శుభ్రమైందనుకున్న హెడ్‌ను మూడోసారి గాలి కొట్టి చూస్తే, క్యామ్‌షాఫ్టుకు ఆయిల్ వెళ్లే రంధ్రం లోంచి తెల్ల గుడ్డ మీదకు చిటికెడు అల్యూమినియం రజను రాలింది.